రేకుల ఇంట్లో రాక్ బ్యాండ్

నాలుగు మైకులు, ఒక పాత ల్యాప్‌టాప్, ఇంట్లో ఉన్న బొంతలు. అరకులోయలో ఒక ఆల్బం చేయడానికి ఇవి చాలు. అసలు పనంతా గిటారును మోరికి, అంటే కొండ సన్నాయికి, ఒప్పించడంలోనే ఉంది.

అరకులో రికార్డింగ్ ముహూర్తం మబ్బును అడిగి పెట్టుకోవాలి. జూన్‌లో పట్టిన వాన సెప్టెంబరు దాటినా వదలదు. రేకుల మీద చినుకులు మొదలయ్యాయంటే మైకుకి ఇంకేమీ వినపడదు. వాన తెరిపిచ్చేసరికి కాఫీ పళ్లు ఎరుపెక్కుతాయి. నవంబరు నుంచి జనవరి చివరి దాకా ఇంట్లో పని చేయగలిగిన ప్రతివాళ్లూ తోటలోనే ఉంటారు. గిటారు వాయించేవాడినని చెప్పినా ఆ పని తప్పదు. చైత్రం వచ్చిందంటే ఇటికల పండగ. మోరి ఊదేవాళ్లు, తుడుము కొట్టేవాళ్లు అప్పుడు ఊరికే దొరకరు, బ్యాండుకేం దొరుకుతారు? మధ్యలో మిగిలేవి ఫిబ్రవరి, మార్చి. వాటిలోనూ శని, ఆదివారాలు తీసేయండి. విశాఖ నుంచి పర్యాటకులు దిగుతారు, క్యాంప్‌ఫైర్ల పక్కన డీజే బాక్సులు మోగుతాయి. మిగతా రోజుల్లో మంచు విడిపోయాక మధ్యాహ్నం దాకా లోయలో చప్పుడు తక్కువ. పాట ఆ గంటల్లో కావాలి.

కొండ మీద రాక్ బ్యాండ్ ఏమిటని అడిగేవాళ్లు ఆదివారం పొద్దున ఏజెన్సీలోని ఏదైనా చర్చి ముందు కాసేపు నిలబడితే చాలు. గిటారు, కీబోర్డు, డ్రమ్ ప్యాడ్, కొన్నిచోట్ల పూర్తి డ్రమ్ కిట్టు కూడా కనిపిస్తాయి. తీగ మీద వేలు పెట్టడం అక్కడ నేర్చుకున్న కుర్రాడే కాలేజీకి పాడేరో విశాఖో వెళ్లి ఫోన్లో మెటాలికా వింటాడు. సెలవులకు ఇంటికొచ్చి పెళ్లిలో అక్క వరసల పక్కన భుజం మీద చేయి వేసి కొండ నాట్యం థింసా తొక్కుతాడు. మూడు సంగీతాలూ ఒకే ఒంట్లో ఉన్నాయి. అవి ఒకే పాటలో వినిపించాలని కోరుకోవడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు యూట్యూబ్‌లో థింసా అని వెతికితే దొరికే వాటిలో చాలా భాగం కీబోర్డులోని రెడీమేడ్ బీటు మీద పాట పాడించి, పైన డీజే హోరు పరిచినవే. తుడుము ఉండాల్సిన చోట ప్లాస్టిక్ దెబ్బ వినిపిస్తుంది. పట్నం స్టూడియోకు పోదామంటే అరకు నుంచి విశాఖ నూట పదిహేను కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ రోడ్డు. పది మందికి జీపు, తిండి, బస, పైన గంట లెక్కన అద్దె. అంత ఖర్చు పెట్టాక గడియారం చూస్తూ వాయించాల్సిందే. అందుకే నేను గట్టిగా నమ్మేది ఒకటే. కొండ బ్యాండు స్టూడియోకు దిగిరాకూడదు, స్టూడియోనే కొండెక్కాలి.

జేబులో క్యాసెట్టు

ఇంట్లో చేసింది ఇంట్లో చేసినట్టే ఉంటుందన్న చిన్నచూపు మన దగ్గర ఇంకా పోలేదు. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అమెరికాలోని న్యూజెర్సీలో తన అద్దె ఇంటి పడకగదిలో కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద, రెండు షూర్ ఎస్‌ఎం57 మైకులతో పాటలు పాడుకున్నాడు. బ్యాండుకు వినిపించడానికి చేసుకున్న నమూనాలవి. ఆ క్యాసెట్టును డబ్బా కూడా లేకుండా జీన్స్ జేబులో వేసుకుని తిరిగాడు. తర్వాత అంతా కలిసి పెద్ద స్టూడియోలో అవే పాటలు వాయించి చూశారు. కుదరలేదు. చివరికి ఆ జేబులో క్యాసెట్టునే ‘నెబ్రాస్కా’ పేరుతో అదే ఏడాది సెప్టెంబరులో విడుదల చేశారు.

మన దేశంలో ‘ఇండియన్ ఓషన్’ బ్యాండు ఢిల్లీ కరోల్ బాగ్‌లోని ఒక పాత బంగళాలో ఏళ్ల తరబడి సాధన చేసింది. ఆ ఇంటి నంబరే 2010లో వాళ్ల ఆల్బం పేరైంది: ‘16/330 ఖజూర్ రోడ్’. నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేశారు. ఇక అరకు కుర్రాళ్లు నిజంగా వినాల్సింది ‘టినారివెన్’ను. సహారా ఎడారిలోని టువారెగ్ తెగవాళ్లు. ఖాళీ క్యాసెట్టు తెచ్చినవాడికల్లా పాట రికార్డు చేసి ఇచ్చేవారు, ఆ క్యాసెట్లు చేతులు మారి ఎడారంతా పాకాయి. పేరొచ్చాక కూడా ‘తస్సిలి’ ఆల్బం కోసం అల్జీరియా ఎడారిలోకే వెళ్లి గుడారంలో కూర్చుని వాయించారు. దానికి 2012లో గ్రామీ వచ్చింది. ఎలక్ట్రిక్ గిటారు పట్టినంత మాత్రాన తెగ పాట తెగిపోదని వాళ్లు ముప్పై ఏళ్ల కిందటే తేల్చేశారు.

డబ్బు లెక్క

ల్యాప్‌టాప్ ఎవరో ఒకరిది ఉంటుందనుకుందాం. మైకు శబ్దాన్ని అందులోకి పంపే పెట్టెను ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. రెండు మైకులు పట్టేది ఐదారు వేల నుంచి దొరుకుతుంది. బ్యాండుకు అది చాలదు, నాలుగు పట్టేది కావాలి, పదిహేను వేలకు అటూ ఇటూ. 1965లో పుట్టి ఇప్పటికీ తయారవుతున్న ఎస్‌ఎం57 మైకు ఒకటి సుమారు పది వేలు. అలాంటిది ఒకటి కొని, మిగతా మూడు చర్చి నుంచో సౌండ్ సిస్టం అద్దెకిచ్చే అన్న దగ్గర్నుంచో తెచ్చుకుంటే చాలు. మూసి ఉండే హెడ్‌ఫోన్స్ ఒక జత, స్టాండ్లు, తీగలు. సాఫ్ట్‌వేర్ మాటకొస్తే, విన్‌యాంప్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్‌దే ‘రీపర్’. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత 60 డాలర్లు. పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. మొత్తం కలిపి సెకండ్ హ్యాండ్ బైకు ధర దాటదు. ఇంతకు మించి కొనాలనిపిస్తే ఆగండి. ఆ డబ్బుతో మోరి ఊదే పెద్దాయనకు పోయిన కూలి ఇవ్వండి.

గది విషయంలో ఖర్చు ఇంకా తక్కువ. గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించే అలవాటు ఎక్కడ పుట్టిందో గానీ దానివల్ల దాదాపు ప్రయోజనం లేదు, కాస్త పైశబ్దాన్ని చెదరగొడతాయి, అంతే. బయటి చప్పుడును ఆపవు, గదిలో గుంయ్‌మనే బేస్‌ను అసలే తాకవు. పది అడుగుల గదిలో 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని గోడకూ గోడకూ మధ్య నిలబడిపోతుంది. బేస్ గిటారులో ఒక్క స్వరం మాత్రం గాండ్రించి పక్క స్వరం చచ్చినట్టు వినిపించడానికి కారణం అదే. బాగా మందం ఉన్నవే దాన్ని కాస్త తాగుతాయి: పరుపులు, మూలల్లో నిలువుగా పేర్చిన ఊక బస్తాలు. పైన రేకుల కింద టార్పాలిన్ కట్టి దాని మీద దుప్పట్లు పరిస్తే రేకు డబ్బా మోత చాలావరకు పోతుంది. గొంతు రికార్డు చేసేటప్పుడు పాడేవాళ్ల వెనక ఒక బొంత, తల మీదుగా ఒక బొంత వేలాడదీస్తే సరి. ఉక్కపోస్తుంది, చలి రోజుల్లో అదే మేలు.

కరెంటు దగ్గర మాత్రం జాగ్రత్త. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో గిటారు యాంప్ పెట్టగానే జుయ్‌మని 50 హెర్ట్జ్ రొద మొదలవుతుంది. రాతి నేల మీద ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటుంది. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయడం ఊరి ఎలక్ట్రీషియన్‌కు తెలిసిన పనే. అప్పటికీ పోకపోతే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేయండి, సగం రొద అక్కడే తెగుతుంది. కరెంటు పోయే ఊళ్లో ఇది రెండు విధాలా క్షేమం. కొత్తవలస-కిరండోల్ రైలు మార్గానికి దగ్గరి ఊళ్లయితే ఇంకో సంగతి ఉంది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేసిన లైను అది, గూడ్సు రైలు మలుపు తిరిగితే నేలే సన్నగా వణుకుతుంది. మైకు స్టాండ్ల కింద మడిచిన గోనెసంచులు పెట్టాలి. సెన్సిటివ్‌గా ఉండే కండెన్సర్ మైకును రాత్రిళ్లు బయట వదిలేస్తే మంచు తేమకు బుసబుసలాడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో, మందుల సీసాల్లో దొరికే సిలికా జెల్ పొట్లాలతో దాచాలి.

దారంతో కొలిచిన డ్రమ్స్

డ్రమ్ కిట్టుకు పది మైకులు పెట్టడం స్టూడియోల ఆడంబరం. 1968లో లండన్‌లో లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బం చేస్తూ గ్లిన్ జాన్స్ అనే ఇంజనీరు కొద్దిపాటి మైకులతోనే స్టీరియో డ్రమ్స్ పట్టుకున్నాడు. ఆ పద్ధతికి ఇవాళ్టికీ ఆయన పేరే. దానికి కావాల్సిన అసలు పరికరం ఒక దారం. స్నేర్ డ్రమ్ము నడిబొడ్డున దారం కొస పట్టుకుని, రెండో కొస నేరుగా పైనున్న మైకు దాకా లాగి ముడి వేయాలి. అదే దారాన్ని అదే బిందువు నుంచి తిప్పి, డ్రమ్మరు కుడి వైపు ఫ్లోర్ టామ్ పక్కగా రెండో మైకును ముడి దగ్గరే నిలపాలి. మూడోది కిక్ డ్రమ్ము ముందు, నాలుగోది స్నేర్ దగ్గర. ధ్వని సుమారుగా మిల్లీసెకనుకు అడుగు దూరం పోతుంది. రెండు పై మైకుల దూరాల్లో అడుగు తేడా వచ్చినా స్నేర్ దెబ్బ ఒకదానికి ముందు, ఒకదానికి తర్వాత చేరి, కలిపినప్పుడు పల్చబడిపోతుంది. దారం సరిగా ఉంటే నాలుగు మైకుల డ్రమ్స్ వినగానే గుండె మీద కొడతాయి.

ఇక కొండ తోలువాద్యాలు తుడుము, కిరిడి, డప్పు. డ్రమ్ కిట్టుకుండే ప్లాస్టిక్ తోలుకు తేమ తెలియదు, తుడుముకు తెలుస్తుంది. మంచు పట్టిన తోలు వదులై దెబ్బ మెత్తబడుతుంది. వాయించే ముందు మంట దగ్గర కాచడం ఎప్పటి నుంచో ఉన్నదే. రికార్డింగ్‌లో పాటకు పాటకు మధ్య కాచాలి, లేకపోతే మొదటి పాటలోని తుడుము, చివరి పాటలోని తుడుము రెండు వేర్వేరు వాద్యాల్లా ఉంటాయి. కాబట్టి కుంపటి కూడా స్టూడియో సామానే.

మోరితో పేచీ

పట్నం ఇంజనీర్లు చేతులెత్తేసే చోటు ఇది. మోరి సన్నాయి జాతి వాద్యం. ఆరుబయట, వందమంది అడుగుల మోతను దాటి వినిపించడానికి చేసింది. పది అడుగుల గదిలో ఊదితే చెవులు గింగిర్లెత్తుతాయి, మైకు బొంగురుపోతుంది. కొమ్ముబూరలైన జోడుకొమ్ముల సంగతి చెప్పనే అక్కర్లేదు. మోరినీ కొమ్ములనూ ఊదేవాళ్లను అరుగు మీదో పెరట్లోనో నిలబెట్టాలి. బయట గోడల ప్రతిధ్వని ఉండదు, అంత శుభ్రమైన ‘గది’ కోట్లు పోసినా దొరకదు. గాలికి అడ్డంగా మైకుకు పలచని గుడ్డ చుట్టి, నాలుగడుగుల దూరంలో, వాద్యం నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెట్టాలి. ఇక్కడ మొదలవుతుంది మాట.

“తాతా, కాస్త ఎనక్కి జరిగి ఊదవా?”

“ఎనక్కెళ్తే నీ డబ్బాకి ఇనబడద్దేటి బాబూ?”

“ఇనబడతాది తాతా. దగ్గరుంటేనే అది బెదిరిపోతంది.”

శ్రుతి దగ్గర అసలు పేచీ. గిటారు, కీబోర్డు ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్కలో ఉంటాయి: ‘ఎ’ స్వరం సెకనుకు 440 కంపనాలు. మోరి ఏ లెక్కకూ లోబడి పుట్టలేదు, చేసినవాడి చేతిలో ఎలా పుడితే అదే దాని శ్రుతి. కుర్రాళ్లు సాధారణంగా చేసే పని, మోరిని రికార్డు చేసి కంప్యూటర్లో లాగి గిటారుకు సరిపెట్టడం. అది అడ్డదారి. ఫోన్లో ఉచితంగా దొరికే ట్యూనర్‌తో మోరి ఆధార స్వరం ఎక్కడుందో చూసి, గిటారు తీగలనే దానికి దించాలి లేదా ఎక్కించాలి. కీబోర్డులో కూడా శ్రుతిని సన్నగా జరిపే మీట ఉంటుంది. అయితే మోరిని చల్లగా ఉన్నప్పుడు కొలవకూడదు. ఊపిరి వెచ్చదనానికి గొట్టంలోని గాలి డిగ్రీ వేడెక్కితే శ్రుతి సుమారు మూడు సెంట్లు పైకెక్కుతుంది. సెంటు అంటే అరస్వరంలో నూరోవంతు. పది డిగ్రీల తేడా వస్తే అరస్వరంలో మూడోవంతు జారిపోయినట్టే. గిటారు దీనికి పూర్తిగా తలకిందులు. చలికి ఇనుప తీగ బిగిసి పైకెక్కుతుంది, ఎండెక్కితే దిగుతుంది. అరకు పొద్దుల్లో ఈ రెండూ ఎదురెదురుగా నడుస్తుంటాయి. ముందు తాతకు టీ ఇచ్చి, కాసేపు ఊరికే ఊదించి, అప్పుడు తీగలు సరిచేసుకోవడం ఒక్కటే దారి.

ఆధారం కలిసినా మధ్య స్వరాలు కలవవు. మోరి గాంధారం గిటారు మెట్ల మధ్యలో ఎక్కడో ఉంటుంది. దీనికి మందు రాక్ సంగీతంలోనే ఉంది, అది నాకు భలే నచ్చిన సంగతి. మామూలు గిటారు కార్డులో మూడు స్వరాలు: ఆధారం, గాంధారం, పంచమం. రాక్‌వాళ్లు డిస్టార్షన్ పెట్టినప్పుడు గాంధారం పలికిస్తే గరగరలాడుతుందని దాన్ని వదిలేసి ఆధారం, పంచమం మాత్రమే వాయిస్తారు. దాన్నే పవర్ కార్డ్ అంటారు. అందులో గాంధారం లేదు కనుక మోరితో తగువే లేదు. గిటారు కింద నిప్పులా రగులుతుంటే పైన మోరి తనకిష్టమైన గాంధారం ఊదుకోవచ్చు. అదే చోట కీబోర్డు కుర్రాడు మేజర్ కార్డు నొక్కాడా, పాట అక్కడే విరుగుతుంది. అతని చేత ఒక్క స్వరమే పట్టించండి.

తాళానికి కూడా ఇదే న్యాయం. సాఫ్ట్‌వేర్ టిక్కుటిక్కుమని ఒకే వేగంతో కొట్టే క్లిక్ ట్రాకును చెవిలో పెట్టి వాయించమంటుంది. థింసా అలా నడవదు. బొడ థింసా ఊరి దేవతకు మొక్కుతూ మొదలవుతుంది, భాగ్ థింసాలో పులి నుంచి తప్పించుకునే పరుగు ఉంటుంది. పులికి క్లిక్ ట్రాక్ తెలియదు. ముందు తుడుము, కిరిడి, అడుగులు వేసే ఇద్దరు ముగ్గురు అక్కలు, గిటారు ఒకటి కలిసి పాటంతా ఒక్క ఊపులో వాయించాలి. అడుగులు లేకపోతే తుడుము కొట్టేవాళ్లకు వేగం రాదు, వాళ్లు చూసేది కాళ్లనే. ఆ రికార్డింగ్ మీద సాఫ్ట్‌వేర్ గీతలనే వాళ్ల దెబ్బలకు తగ్గట్టు జరపాలి. రీపర్‌లో దాన్ని టెంపో మ్యాప్ అంటారు. ఓపిక పట్టాల్సిన పని, పూట పడుతుంది. తర్వాత మిగతా గిటార్లు, బేస్, గొంతు దాని మీద ఒక్కొక్కటిగా కట్టుకోవచ్చు. దెబ్బలను కంప్యూటర్ గీతకు సరిచేసే క్వాంటైజ్ బటన్ జోలికి పోవద్దు. అది నొక్కిన మరుక్షణం తుడుము కాస్తా డ్రమ్ ప్యాడ్ అయిపోతుంది.

జీపులో మిక్సింగ్

రికార్డు చేసేటప్పుడు 24 బిట్‌లో పెట్టి మీటరులో శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నవాళ్లకు మిక్సింగ్ సగం అయిపోయినట్టే. ఎరుపు తాకిన శబ్దాన్ని ఏ ప్లగిన్నూ బాగుచేయలేదు.

కిక్ డ్రమ్ము, తుడుము, బేస్ గిటారు ముగ్గురూ ఒకే అడుగున పడుకుంటారు. ముగ్గురినీ పెంచితే ఎవరూ వినపడరు. ఒకరికి అడుగు ఇచ్చి మిగతా ఇద్దరికీ కింది భాగం కోసేయాలి. నా ఓటు తుడుముకే, కిక్ డ్రమ్ము లోకంలో బోలెడన్ని పాటల్లో వినిపిస్తూనే ఉంది. గిటార్లను ఎడమకూ కుడికీ విసిరేసి నడుమ మోరికి, గొంతుకు చోటు వదలాలి. జోడుకొమ్ముల పేరులోనే జంట ఉంది, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. రివర్బ్ విషయంలో చెయ్యి పొదుపు. కొండ కదా అని లోయంత ప్రతిధ్వని పోస్తే పాట బొర్రా గుహల్లో పడిపోతుంది.

ఇంట్లో మంచి స్పీకర్లు ఉండవు, హెడ్‌ఫోన్స్ బేస్ విషయంలో అబద్ధాలు చెబుతాయి. అందుకే పరీక్ష మూడు చోట్ల పెట్టాలి. మొదటిది ఫోను స్పీకరు. అందులో అడుగు శబ్దం అసలు రాదు, బేస్ గిటారుకు కాస్త గరుకు కలిపితేనే ఉనికి తెలుస్తుంది. రెండోది చర్చి సౌండ్ బాక్సు. మూడోది సంతకు పోయే షేర్ జీపు. ఇంజన్ మోతలో కూడా పాట మాటలు వినిపించి, డ్రైవరన్న సౌండు తగ్గించకపోతే మిక్స్ పాసయినట్టు. చివర్లో అందరికంటే గట్టిగా మోగాలని నొక్కేయక్కర్లేదు. స్పాటిఫై లాంటివి ఎంత గట్టిగా ఇచ్చినా మైనస్ 14 లఫ్స్ (పాట గట్టిదనపు కొలత) దరిదాపులకు దించేస్తాయి. నొక్కిన పాట అక్కడ నలిగినట్టు వినిపిస్తుంది, అంతే తేడా.

రికార్డింగ్ ఎవరి సొత్తు

ఇదంతా ఇంట్లోనే ఎందుకు చేయాలన్నదానికి ధ్వనిని మించిన కారణం ఒకటుంది. తరతరాల పాటకు చట్టం దృష్టిలో యజమాని లేడు. దాని రికార్డింగుకు ఉంటాడు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు నిర్మాతది, అంటే పూనుకుని బాధ్యత తీసుకున్నవారిది, 60 ఏళ్ల పాటు. బయటి నుంచి ఎవరో వచ్చి భోజనం పెట్టి, వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి ఊరి పాట పట్టుకుపోతే ఆ రికార్డింగ్ వాళ్లది. 2020లో ‘పలాస 1978’ సినిమాతో ఉత్తరాంధ్ర జానపదం, 2024లో ‘రాను బొంబాయికి రాను’తో తెలంగాణ ప్రైవేటు పాట ఎంత దూరం పోయాయో చూశాం. కొండ పాటకూ అలాంటి రోజు రావచ్చు. వచ్చిన రోజున ఒరిజినల్ ట్రాకులు ఎవరి హార్డ్ డిస్కులో ఉన్నాయన్నది చాలా పెద్ద ప్రశ్న అవుతుంది.

సొంత కుర్రాళ్లే నిర్మాతలైతే మాత్రం అన్నీ సరైపోవు. బ్యాండులో నలుగురి ఫొటోలు, పేర్లు వేసి, మోరి, తుడుము దగ్గర ‘జానపద కళాకారులు’ అని తోసేయడం ఇంటివాళ్లు చేసినా అన్యాయమే. వాయించినవారికి 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కు ఉంది. 2012 సవరణ తర్వాత వ్యాపారానికి వాడితే రాయల్టీలో వాటా, ఫలానా వారు వాయించారని పేరు చెప్పించుకునే హక్కు కూడా చట్టంలోనే ఉన్నాయి. ఒక పేజీ కాగితం చాలు: పాట పేరు, ఏ భాష (కువియా, ఆదివాసీ ఒడియానా, తెలుగా), ఎవరు ఏం వాయించారు, వచ్చినదాంట్లో ఎవరికెంత. ఆ కాగితం మోరి ఊదిన రోజే, టీ గ్లాసులు కడగకముందే రాసి చదివి వినిపించి సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. అప్‌లోడ్ చేసే రాత్రి దాకా ఆగితే తుడుము కొట్టిన తాత ఇంటిపేరు ఏమిటని ఒకరికొకరు ఫోన్లు చేసుకోవాల్సి వస్తుంది, కొండ మీద అప్పటికి సిగ్నలూ ఉండదు.